ముందు చిమ్నీని అడగండి

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్న తెలుగువాళ్ళకి రెండో చలికాలానికల్లా ఒక కోరిక పుడుతుంది. ముందుగదిలో చిమ్నీ ఉంది, దాని నోరు ఎవరో ఎప్పుడో మూసేశారు, అది తెరిపించి కట్టెల స్టవ్ ఒకటి పెట్టుకుంటే బాగుండును అని. మొదటి చలికాలమంతా బాయిలర్నీ, దాని బిల్లునీ అర్థం చేసుకోవడంతోనే సరిపోతుంది కాబట్టి ఆ కోరిక రెండో ఏడు దాకా ఆగుతుంది. ఆ తర్వాత జరిగేది దాదాపు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. పిల్లలు పడుకున్నాక సోఫాలో చేరబడి ఫోన్లో స్టవ్‌లు చూడడం. "అన్నా, ఎనిమిది కిలోవాట్లది సగం ధరకి పెట్టారు, రేపటితో ఆఫర్ అయిపోతుందట, బుక్ చేసేయనా?" అని నాకు వచ్చే మెసేజీల్లో స్టవ్ ఫోటో తప్పకుండా ఉంటుంది. చిమ్నీ ఫోటో ఉండదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

స్టవ్ కొనడం ఈ పనిలో ఆఖర్న చేయాల్సింది. ఏ స్టవ్ పెట్టొచ్చో, అసలు పెట్టొచ్చో లేదో తేల్చేది చిమ్నీ. దాని తర్వాత మాట గదిది. ఆ రెండింటి సంగతీ తేలాక మిగిలే స్టవ్‌లు ఎలాగూ పది పన్నెండుకి మించవు, అప్పుడు నచ్చిన రంగు చూసుకోండి. ఇక్కడ నేను చెప్పే నిబంధనలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్‌లలో కొన్ని తేడాలున్నాయి, అక్కడున్నవాళ్ళు తమ కౌన్సిల్‌ని అడగాలి.

"చిమ్నీ ఉంది కదా" అనే మాటనే ముందు అనుమానించండి. ముందుగదిలో గోడ ముందుకి పొడుచుకొచ్చి ఉండడం, కప్పు మీద ఇటుక దిమ్మె కనబడడం, ఈ రెండూ ఉన్నంత మాత్రాన మధ్యలో దారి ఉన్నట్టు కాదు. పడగ్గదిలో జాగా కలిసొస్తుందని మేడ మీది చిమ్నీ గోడని పగలగొట్టించేసిన పాత యజమానులు చాలామందే ఉన్నారు. టార్చి పట్టుకుని అటక ఎక్కండి. కింది నుంచి వచ్చిన ఇటుక కట్టడం అటకలోంచి కప్పు దాకా తెగకుండా సాగాలి. అలా కాకుండా అటకలో ఇటుక దిమ్మె రెండు ఇనప బ్రాకెట్ల మీద నిలబడి కనిపిస్తే కింద దానికి ఆధారం లేదన్నమాట. ఆ చిమ్నీ కథ అక్కడితో సరి. కావాలంటే ఇంటి బయట గోడ వెంబడి కొత్తగా స్టీలు గొట్టం వేయించుకోవచ్చు గానీ, దాని ఖర్చూ అనుమతులూ వేరు.

దారి ఉందని తేలితే కప్పు మీద ఇటుక దిమ్మె నెత్తిన ఉండే కుండలు (చిమ్నీ పాట్లు) లెక్కపెట్టండి. పాత ఇళ్ళలో ప్రతి పొయ్యి గూటికీ విడిగా ఒక పొగదారి ఉండేది. వరుస ఇళ్ళలో ఒకే దిమ్మె మీద నాలుగు కుండలుంటే వాటిలో రెండు పక్కింటివాళ్ళవి కావచ్చు. మీ పొగకీ వాళ్ళ పడగ్గదికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం అడ్డుగోడ. పైగా పొగదారి నిట్టనిలువుగా పోదు. కింది గది నుంచి బయల్దేరి, పై గదిలోని పొయ్యి గూటిని తప్పించుకోవడానికి పక్కకి వంగి, మళ్ళీ నిలువవుతుంది. చాలావాటి లోపలి కొలత 225 మిల్లీమీటర్ల చదరం. ఆ సందులోకి ఒకప్పుడు చిన్న పిల్లల్ని ఎక్కించి మసి గీకించేవాళ్ళు. కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి చిమ్నీలో 11 ఏళ్ళ జార్జ్ బ్రూస్టర్ ఇరుక్కుపోయి చనిపోయిన 1875లోనే కొత్త చట్టం వచ్చింది, ఆ పద్ధతికి అడ్డుకట్ట పడింది. మీరు కొన్న విక్టోరియన్ ఇల్లు అంతకు ముందుదైతే, మీ గోడలోనూ అలాంటి పిల్లవాడు ఎక్కి దిగి ఉండొచ్చు.

ఆ ఇళ్ళ పొగదారుల్లో లోపల సున్నపు గార పూసేవాళ్ళు. వందేళ్ళ బొగ్గు పొగలో ఉండే ఆమ్లం ఆ గారని తినేస్తుంది, ఇటుకల మధ్య సున్నం పొడిగా రాలిపోతుంది. బయటికి గోడ నిక్షేపంగా ఉంటుంది, వాల్‌పేపర్ కూడా చెక్కుచెదరదు. కొత్త చిమ్నీల లోపల గట్టి గొట్టం ఉండాలనే నిబంధన ఇంగ్లండ్‌లో 1960ల నడిమి నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఇల్లు అంతకన్నా పాతదైతే లోపల ఏ రక్షణా లేదనే అనుకుని మొదలుపెట్టండి.

అందుకని మొదటి ఫోన్ స్టవ్ దుకాణానికి కాదు, చిమ్నీ స్వీప్‌కి చేయండి. ఆయన వచ్చి గుడ్డలు పరిచి, పొయ్యి గూటి నోటికి తెర కట్టి, ఒకదానికొకటి బిగించుకునే కడ్డీలతో బ్రష్‌ని పైకి తోస్తాడు. ఇంట్లోవాళ్ళు ఒకరు తోటలో నిలబడి, కుండలోంచి బ్రష్ బయటికి వచ్చిందో లేదో చూసి చెప్పాలి. పిల్లలు ఈ పనికి పోటీపడతారు. బ్రష్ మధ్యలో ఆగిపోతే చాలాసార్లు కారణం జాక్‌డా అనే చిన్న కాకి. అది పుల్లలు ఒక్కొక్కటే కుండలోంచి జారవిడుస్తుంది. ఏదో ఒక పుల్ల వంపు దగ్గర అడ్డంగా పడేదాకా వదలదు, ఆ పుల్ల మీద గూడు కడుతుంది. పాత గూడు తీస్తే బస్తాలకొద్దీ పుల్లలు దిగుతాయి. వసంతంలో గుడ్లో పిల్లలో ఉన్న గూటిని మాత్రం ముట్టుకోకూడదు. 1981 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అవి ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే.

దారి శుభ్రమయ్యాక పొగ పరీక్ష. చిన్న పొగ బిళ్ళ వెలిగించి, చిమ్నీని పొగతో నింపి, కిందా పైనా మూసేస్తారు. అప్పుడు మీరు చేయాల్సింది ఇల్లంతా తిరగడం. పై గదిలో పాత పొయ్యి గూడు మూసిన బోర్డు అంచులు, అల్మారా వెనక, అటకలో ఇటుకల సందులు, అన్నిటి దగ్గరా ముక్కు పెట్టి చూడండి. గోడ ఉమ్మడిదైతే పక్కింటి పై గదిలోనూ చూడాలి. ఆ మాట అడగడానికి ముందు రోజే ఒక డబ్బా మైసూర్‌పాక్‌తో వెళ్ళిరండి. రేపు పనివాళ్ళ మోతకి కూడా వాళ్ళ ఓపికే కావాలి.

పరీక్షలో పొగ కారినా, కారకపోయినా, స్టవ్‌కి లైనర్, అంటే పొగదారి లోపల ఇంకో గొట్టం, వేయించమనే నా సలహా. చిమ్నీ బాగుంటే లైనర్ చట్టప్రకారం తప్పనిసరి ఏమీ కాదు. పాత పొగదారి మాత్రం పెద్ద బొగ్గు మంటకోసం కట్టినది. స్టవ్ నుంచి వచ్చే కొద్దిపాటి పొగ ఆ వెడల్పాటి చల్లటి దారిలో నీరసించి, పైకి పోలేక గోడలకి తారులా అంటుకుంటుంది. రెండు పొరల వంగే స్టీలు గొట్టాన్ని కప్పు మీంచి తాడు కట్టి దింపితే దారి సన్నబడుతుంది, వెచ్చగా ఉంటుంది, లాగుడు పెరుగుతుంది. కట్టెలు మాత్రమే కాల్చేవాళ్ళకి 316 గ్రేడ్ స్టీలు సరిపోతుంది. పొగరాని బొగ్గు కూడా కాల్చే ఉద్దేశం ఉంటే 904 అడగండి, ఆమ్లాన్ని ఎక్కువ కాలం తట్టుకుంటుంది. గొట్టం మీద బాణం గుర్తు ఉంటుంది, తలకిందులుగా దింపకూడదు. వ్యాసం సాధారణంగా 150 మిల్లీమీటర్లు. పొగ నియంత్రణ ప్రాంతాలకి (వాటి సంగతి తర్వాత చెబుతాను) ఆమోదించిన చిన్న స్టవ్‌లకి 125 కూడా ఒప్పుకుంటారు. పొయ్యి గూటి నుంచి కుండ దాకా మొత్తం ఎత్తు నాలుగున్నర మీటర్లకి తగ్గకుండా ఉంటే మంచిది. రెండంతస్తుల ఇళ్ళలో ఆ బెంగ ఉండదు, ఒకే అంతస్తు ఉన్న బంగళాలవాళ్ళే కొలుచుకోవాలి.

ఇక గది. పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి 14తో భాగిస్తే, ఓ మోస్తరు ఇన్సులేషన్ ఉన్న ఇంట్లో ఎన్ని కిలోవాట్లు కావాలో ఉజ్జాయింపుగా వస్తుంది. 4.2 మీటర్ల పొడవు, 3.8 వెడల్పు, 2.6 ఎత్తు ఉన్న ముందుగది తీసుకోండి. సుమారు 41 ఘనపు మీటర్లు, అంటే మూడు కిలోవాట్లు. సగం ధరకి వస్తోందన్న ఆ ఎనిమిది కిలోవాట్ల స్టవ్ ఈ గదిలో పెట్టడం ఇద్దరి వంటకి పెళ్ళి గుండిగ ఎక్కించడమే. అరగంటకే వేడి భరించలేక గాలి మూసేస్తారు. గాలి అందని కట్టె మండదు, కుమిలిపోతూ పొగ కక్కుతుంది. ఆ పొగలోని తారు గొట్టం లోపల పేరుకుంటుంది, ఒకనాడు అదే అంటుకుంటుంది. గోడలోంచి హోరు వినిపిస్తే అది చిమ్నీ మంట. స్టవ్ తలుపూ గాలి మీటలూ మూసేసి, అందరూ బయటికి వచ్చి 999కి ఫోన్ చేయాలి. చిన్న స్టవ్‌ని నిండుగా మండించడం, పెద్ద స్టవ్‌ని అణచి మండించడం కన్నా అన్ని విధాలా మేలు.

ఐదు కిలోవాట్ల దాకా పాత ఇళ్ళలో గోడకి ప్రత్యేకంగా గాలి కన్నం అక్కర్లేదంటారు. కిటికీల సందులే చాలినంత గాలి ఇస్తాయని లెక్క. అది దాటితే, దాటిన ప్రతి కిలోవాట్‌కీ 550 చదరపు మిల్లీమీటర్ల చొప్పున ఎప్పుడూ తెరిచే ఉండే కన్నం పెట్టాలి. కొత్త కిటికీలు, తలుపులు బిగించి ఇంటిని గాలి చొరకుండా చేసుకున్నవాళ్ళకి ఆ మినహాయింపు లేదు, మొదటి కిలోవాట్ నుంచే లెక్క మొదలవుతుంది.

మనవాళ్ళ ఇళ్ళలో ఇక్కడ ఇంకో చిక్కుంది, దాన్ని తెల్లవాళ్ళ పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. వంటింటి హుడ్. చేపల పులుసు పెట్టిన రోజు హుడ్‌ని పూర్తి జోరులో పెట్టి రెండు గంటలు ఆపం. అది ఇంట్లోని గాలిని బయటికి తోసేస్తూనే ఉంటుంది. పోయిన గాలికి బదులు ఎక్కడి నుంచో రావాలి కదా? వంటిల్లూ ముందుగదీ కలిపేసి ఒకే హాలు చేసుకున్న ఇంట్లో అది చిమ్నీలోంచి వస్తుంది. పైకి పోవాల్సిన పొగ, దాంతోపాటు కంటికీ ముక్కుకీ తెలియని కార్బన్ మోనాక్సైడ్, గదిలోకి దిగుతాయి. అందుకని స్టవ్ బిగించేవాడికి హుడ్ చూపించండి. కిటికీలూ తలుపులూ మూసి, హుడ్ పూర్తి జోరులో తిరుగుతుండగా పొగ వెనక్కి కొడుతుందేమో పరీక్షించమని మీరే అడగండి. స్టవ్ ఉన్న గదిలోనే హుడ్ కూడా ఉంటే రెండూ ఒకేసారి వాడే ఆలోచన మానుకోవడం నయం. గాలిని బయటికి తోయకుండా వడకట్టి తిరిగి గదిలోకే వదిలే రకం హుడ్ పెట్టుకోవడం ఇంకో దారి. దానితో చేపల వాసన అంత తేలిగ్గా పోదు, అది మీరూ మీవాళ్ళూ తేల్చుకోవాల్సిన విషయం.

కార్బన్ మోనాక్సైడ్ అలారం చట్టప్రకారం ఉండి తీరాలి. స్టవ్ నుంచి అడ్డంగా కొలిస్తే ఒకటి నుంచి మూడు మీటర్ల లోపు, సీలింగ్‌కి బిగిస్తే గోడ నుంచి కనీసం 300 మిల్లీమీటర్లు ఇవతలగా.

స్టవ్ కింద మంట అంటని పలక ఉండాలి. అడుగు భాగం 100 డిగ్రీలు దాటదని తయారీదారు చెప్పిన స్టవ్‌కి 12 మిల్లీమీటర్ల రాయి చాలు. అలా చెప్పని వాటికి 125 మిల్లీమీటర్ల మందాన కట్టిన గట్టి అరుగు కావాలి. పలక స్టవ్ ముందు కనీసం 225 మిల్లీమీటర్లు, తలుపు తెరిచి మండించే రకమైతే 300, పక్కల 150 మిగలాలి. చెక్క సంగతి ఇంకా జాగ్రత్త. లోపల పొర లేని మామూలు పొగగొట్టం తన వ్యాసానికి మూడు రెట్ల దూరంలో ఉండాలి, అంటే 125 మిల్లీమీటర్ల గొట్టానికి 375. గూటి పైన అందంగా ఉన్న ఓక్ దూలం ఈ కొలతలోనే ఎక్కువగా దొరికిపోతుంది. చిమ్నీ గోడ మీద టీవీ బిగించినవాళ్ళు ఆ టీవీకి వేరే గోడ చూసుకోండి.

ఇంత చెప్పాక ఒక మాట అడగాలి. ఇంట్లో గ్యాస్ హీటింగ్ బాగానే పనిచేస్తూ, పిల్లలకో పెద్దవాళ్ళకో ఉబ్బసం ఉంటే ఈ స్టవ్ అవసరమా? గాలిలోని సన్నటి నుసికి ఇళ్ళలో కాల్చే కట్టెలు ఈ దేశంలో ఒక పెద్ద కారణం. ఎంత మంచి స్టవ్ అయినా తలుపు తెరిచినప్పుడల్లా కొంత గదిలోకి వస్తుంది. అలాంటి ఇంట్లో నేనైతే వద్దంటాను. ఊరికి దూరంగా, గ్యాస్ లైను లేని పల్లెలో, గాలివానకి కరెంటు పోయే చోట ఉన్నవాళ్ళకైతే ఈ లెక్క వేరు.

పెట్టుకోవాలనే అనుకుంటే పొగ మీద ఉన్న చట్టం కూడా తెలియాలి. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ని కమ్మేసిన పొగమంచు వేలమందిని పొట్టన పెట్టుకుంది. దాని ఫలితమే 1956 నాటి శుభ్రమైన గాలి చట్టం, దాని నుంచి పుట్టినవే పొగ నియంత్రణ ప్రాంతాలు. లండన్‌లో చాలా భాగం, పెద్ద నగరాల్లో చాలామటుకు వాటి కిందికే వస్తాయి. మీ వీధి వస్తుందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. వస్తే, ప్రభుత్వ పర్యావరణ శాఖ డెఫ్రా మినహాయింపు ఉన్న స్టవ్‌లోనే కట్టెలు కాల్చాలి. చిమ్నీలోంచి పొగ కక్కితే 300 పౌండ్ల దాకా జరిమానా. 2022 జనవరి నుంచి కొత్తగా అమ్మే స్టవ్‌లన్నీ ఎకోడిజైన్ ప్రమాణానికి సరిపోవాలి. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ చవగ్గా అమ్మే పాత పోత ఇనుప స్టవ్ చూడముచ్చటగా ఉన్నా, నగరంలో అది మీకు పనికిరాకపోవచ్చు.

బిగించే పని మీరే చేసుకోవచ్చా అంటే చట్టం అడ్డు చెప్పదు. ముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి తెలియజేసి, ఫీజు కట్టి, వాళ్ళ తనిఖీకి నిలబడాలి. హెటాస్ లాంటి పథకంలో నమోదైన ఇన్‌స్టాలర్ అయితే తన పనికి తానే ధ్రువపత్రం ఇస్తాడు, కౌన్సిల్‌కీ తెలియజేస్తాడు. కప్పు ఎక్కి లైనర్ దింపడం వీడియోలు చూసి చేసే పని కాదని నా అభిప్రాయం. ఆ ధ్రువపత్రాన్ని ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ సొలిసిటర్ మొదట అడిగే కాగితాల్లో అదొకటి. లిస్టెడ్ (చారిత్రక రక్షణ ఉన్న) భవనమైతే విడిగా అనుమతి కావాలి. లీజు ఇల్లయితే అసలు యజమాని ఒప్పుకోవాలి.

స్టవ్ వచ్చింది, బిగించారు. ఇక దాని బాగోగులన్నీ కట్టెలో ఉంటాయి. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే వేడంతా పోతుంది, గదికి మిగలదు. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదు, సంచి మీద రెడీ టు బర్న్ ముద్ర ఉంటుంది. ట్రక్కు లోడు కొంటే ఆరబెట్టుకునే బాధ్యత మీదే, ఓక్ అయితే రెండేళ్ళు పడుతుంది. పైన కప్పు ఉండి పక్కల గాలి ఆడే కొట్టంలో పేర్చండి, టార్పాలిన్ చుట్టేస్తే లోపల బూజు పడుతుంది. తేమ కొలిచే మీటర్ చౌకగానే దొరుకుతుంది. దాన్ని కట్టె చివర గుచ్చితే తప్పు లెక్క చూపిస్తుంది, ఎందుకంటే చివరలు ముందు ఎండుతాయి. కట్టెని గొడ్డలితో చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మధ్యలో సూదులు గుచ్చండి. రంగు వేసిన చెక్క, మందు పట్టించిన పలకలు, పాత ఫర్నిచర్ లోపలికి వెళ్ళకూడదు.

మనకి పొయ్యి రాజేయడం తెలుసు. కింద చితుకులు, మీద పుల్లలు, ఆ పైన కట్టె, కింద నిప్పు, ఊదుగొట్టం. ఊరి నుంచి వచ్చిన అమ్మ ఈ స్టవ్ ముందు కూర్చుంటే ఆమె చెయ్యి అదే వరసలో పోతుంది. ఇక్కడ వరస తిరగబడాలి. రెండు మూడు కట్టెలు కింద, వాటి మీద సన్నపుల్లలు అడ్డంగా నిలువుగా రెండు మూడు వరసలు, నెత్తిన అంటించే ముక్క. గాలి మీటలు పూర్తిగా తెరిచి పైన వెలిగించండి. మంట మెల్లగా కిందికి దిగుతుంది, కింది కట్టె నుంచి లేచే పొగ ఆ మంటలోంచే పోవాలి కాబట్టి అక్కడే కాలిపోతుంది. చల్లటి గొట్టం కూడా తొందరగా వేడెక్కుతుంది. కట్టెలు బాగా అంటుకున్నాక గాలి కొంచెం కొంచెంగా తగ్గించండి. అద్దం నల్లబడుతోందంటే కట్టె తడిదైనా అయ్యుండాలి, గాలి మరీ తగ్గించైనా ఉండాలి. కట్టె వేయడానికి తప్ప తలుపు తీయొద్దని అమ్మకి చెప్పండి. ఆమె వినకపోవచ్చు, కొరకంచు ఎగదోయకుండా మంట ముందు కూర్చోవడం ఆమెకి చేతకాదు.

మొదటి నాలుగైదు మంటలు చిన్నవిగా ఉండాలి, కొత్త పెయింట్ కాలి వాసనేస్తుంది, కిటికీలు తెరిచి ఉంచండి. పాకే పిల్లలుంటే గోడకి బిగించే కంచె ముందే పెట్టించాలి. బూడిద పూర్తిగా ఎత్తేయకుండా రెండు మూడు సెంటీమీటర్ల మందాన వదిలితే కట్టె దాని మీద బాగా మండుతుంది. ఎత్తిన బూడిదలో నిప్పు ఒకటి రెండు రోజులైనా బతికే ఉంటుంది, మూత ఉన్న ఇనప బకెట్లో పోసి ఇంటి బయట రాతి మీద పెట్టండి. ప్లాస్టిక్ బిన్‌లో పోయడం వల్ల జరిగే ప్రమాదాలు తక్కువేమీ కావు. ఏడాదికి ఒకసారైనా, రోజూ మండించే ఇంట్లో రెండుసార్లు చిమ్నీ ఊడ్పించాలి. స్వీప్ ఇచ్చే సర్టిఫికెట్‌ని బీమా కంపెనీలు అడుగుతాయి. సెప్టెంబరు వచ్చాక ఫోన్ చేస్తే స్వీప్ దొరకడం కష్టం, ఆయన డైరీ అప్పటికే నిండిపోయి ఉంటుంది. జూన్‌లో, చిమ్నీలో గూడేమీ లేదని చూసుకుని పిలవండి.